చివరి బంతి దాకా

ఈ ఉదయం ఆఫీసుకు ఒక పార్సెల్ వచ్చింది. విప్పగానే గదంతా గంజి వాసన. కొత్త నేతచీరకు ఉండే ఆ పుల్లటి వాసన తగిలితే చాలు, నాకు భ్రమరాంబ గారి గొంతు వినిపిస్తుంది: "ఏమయ్యా దొరా, కొట్టుకెళ్ళొచ్చావా?"

ఆవిడ విజయవాడ గుణదలలో ఒక మేడ మీద హోస్టింగ్ కంపెనీ నడిపేవారు. జనం పెట్టుకునే వెబ్‌సైట్లకు సర్వర్లలో చోటు అద్దెకివ్వడం మా పని. ఆవిడ దగ్గర చేరేనాటికి నాకు మిగిలినవి ఒక డిగ్రీ, వంగని వీపు. చల్లపల్లి దగ్గర మా పల్లెలో మా ఇంటిని దివాణం అనేవారు. తాతగారి హయాంలో పొలాలు పోయాయి, నాన్నగారి హయాంలో ఇల్లు పోయింది. అయినా గుమ్మంలోకి వచ్చినవాణ్ణి అన్నం పెట్టకుండా పంపిన ఇల్లు కాదు మాది. ఆ మాట ఇప్పటికీ తలెత్తుకునే చెబుతాను. భ్రమరాంబ గారు మొదటి రోజే నేను కూర్చున్న తీరు చూసి, "ఆనుకోని వీపుకి కుర్చీ దేనికయ్యా, స్టూలు చాలు" అన్నారు.

ఒక వేసవిలో పెడన వైపు నుంచి సీతారత్నం గారు వచ్చారు. ఇంటిల్లిపాదీ మగ్గం మీద బతికే కుటుంబం. "ఏటా మా చీరలు ఒక పెద్ద కొట్టుకి వేసేవాళ్ళమండి. వాళ్ళ పేరు పెట్టుకుని అమ్ముకునేవారు. ఈ శ్రావణానికి ఇవ్వనని చెప్పేశాను. సొంత సైటు పెట్టుకుంటాను. వ్రతాల రోజుల్లో అది ఆగిందంటే మళ్ళీ వాళ్ళ గుమ్మమే ఎక్కాలి" అన్నారు. ఎంత కావాలని నేను అడిగితే, "అందరూ అన్‌లిమిటెడ్ అంటున్నారు కదండీ, అదే ఇచ్చేయండి" అన్నారు.

"ఆ సరుకు మా దగ్గర లేదమ్మా" అన్నారు భ్రమరాంబ గారు. "ఉందని చెప్పేవాళ్ళ దగ్గరా ఉండదు."

సీతారత్నం గారు వెళ్ళాక నేనుండబట్టలేక, "మా దివాణంలో కొలిచి పెట్టడం ఎరగమండి" అన్నాను.

"మరి ఆ దివాణం ఏదయ్యా ఇప్పుడు?"

లేచి నిలబడ్డాను. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ఆ మెట్లు మళ్ళీ ఎక్కేవాణ్ణి కాదు. ఆవిడ స్క్రీను మీంచి చూపు తిప్పకుండానే, "కూర్చో. పెట్టడం గొప్పే, కాదనను. భోజనాల్లో మొదటి బంతికి ఎవరైనా పెడతారు. చివరి బంతిలో కూర్చున్నవాడి విస్తట్లో కూడా నెయ్యి పడాలంటే ముందు లెక్క వెయ్యాలి. ఆ సీతారత్నం గారి చివరి బంతి వరలక్ష్మీ వ్రతం ముందు రోజు. వెయ్యి లెక్క" అన్నారు.

కోపంతోనే వేశాను. చోటు లెక్క తేలిక: చీరకు ఎన్ని ఫొటోలు, ఒక్కో ఫొటో ఎంత బరువు, దాచుకోవడానికి ఇంకో ప్రతి, రేపు పెరగడానికి కాస్త ఖాళీ. రాకపోకల లెక్క వేరు. ఎంతమంది వస్తారు, ఒక్కొక్కరు ఎన్ని పేజీలు చూస్తారు, పేజీ ఎంత బరువు, ఈ మూడూ హెచ్చవేస్తే నెలలో సర్వరు నుంచి బయటికి వెళ్ళే డేటా తేలుతుంది. మనిషికి ఐదు పేజీలని అందరూ వేసేదే నేనూ వేశాను.

"ఐదా?" అన్నారావిడ. "ఎప్పుడైనా ఆడవాళ్ళతో చీరల కొట్టుకి వెళ్ళావా?"

"చీరల మూటలు మా ఇంటికే తెచ్చేవారండి."

పడీ పడీ నవ్వారు. "అయితే రేపు బీసెంటు రోడ్డుకెళ్ళి, ఏదో ఒక కొట్టులో పరుపు మీద కూర్చుని రా, దొరా."

వెళ్ళాను. ఒక తల్లి, కూతురు, పిన్ని. కొనాల్సింది ఒక్క చీర. అరలకు అరలు కిందికి దిగాయి. "ఆ మామిడిపిందెల అంచుది మళ్ళీ తియ్యి బాబూ", "అది కాదే అక్కా, ఇలా వెలుగులోకి పట్టు" అంటూ ప్రతి అంచునూ వేళ్ళతో నలిపి చూశారు. చివరికి పిన్ని తేల్చింది: "మొదట తీసిందే బావుందే!" గుమాస్తా నా వంక చూసి, "రోజూ ఇంతేనండి" అన్నాడు.

తిరిగొచ్చి ఐదును అరవై చేశాను. వేళ్ళతో నలపలేని చోట నూలు కంటికి కనబడాలి కదా, అందుకని పెద్ద ఫొటో ఉండాల్సిందేనన్నాను. అరల్లో సర్దినట్టు ముందు చిన్న ఫొటోలు, ఏ చీర మీద వేలు పెడితే దాని పెద్ద ఫొటో. అలా బరువు కొంత తగ్గించాను. భ్రమరాంబ గారు అంతా చూసి, "దీనికి మాటిస్తావా?" అన్నారు.

"మా వంశంలో మాట తప్పినవాళ్ళు..."

"వంశాన్ని అడగలేదయ్యా. నిన్ను."

"ఇస్తానండి" అన్నాను.

శ్రావణం వచ్చింది. వ్రతం వారంలో గ్రాఫు గీత నిట్టనిలువుగా లేచింది. నా మొదటి లెక్కే ఉండి ఉంటే ఆ వారం మొదట్లోనే సైటు ఆగిపోయేది. వ్రతం ముందు రోజు సాయంత్రం సీతారత్నం గారు ఫోన్ చేశారు. గొంతు బయటికి వినబడుతోంది: "ఒక్కసారి కూడా ఆగలేదండీ! ఇంకా మగ్గం మీదున్నవి కూడా అడుగుతున్నారు!" భ్రమరాంబ గారు ఫోను నా చేతికిస్తూ, "లెక్క ఆయనదమ్మా. ఆయనతోనే చెప్పండి" అన్నారు. ఆవిడ నన్ను 'ఆయన' అనడం అదే మొదలు. మా ఊళ్ళో మా తాతగారికి పెట్టిన దణ్ణాలన్నీ కలిపినా నాకు ఆ ఒక్క మాటంత బరువు తూగవు.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను, వీపు ఆనించకుండానే. సీతారత్నం గారు ఏటా శ్రావణం ముందు మా ఇంటావిడకు ఒక చీర పంపుతారు. ఇవాళ వచ్చింది అదే. దాని అంచు నలిపి చూస్తుండగా కొత్తగా వచ్చిన ఒకాయన, "మీ దగ్గర అన్‌లిమిటెడ్ ఉందాండీ?" అని అడిగాడు.

"లేదండీ" అన్నాను. "చివరి బంతి దాకా మాత్రం ఉంటుంది. కూర్చోండి, మీ ఇంటికి ఎవరెవరు వస్తారో చెప్పండి."