చేసిన పని రాసివ్వమని అడగడానికి అయోవా వెళ్ళాం

జూన్ రెండో వారం, బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి షికాగో పక్కన నేపర్‌విల్ స్టేషన్‌లో రైలెక్కాలి. రైలు నలభై నిమిషాలు లేటు. ఆ నలభై నిమిషాలూ నేను కోపంగానే ఉన్నాను. ఆ మాటకొస్తే ఇంట్లో చెప్పులేసుకున్నప్పటి నుంచీ ఉన్నాను. కాబట్టి మిసిసిపీ నది మీద సూర్యాస్తమయం గురించి చదవాలనుకునేవాళ్ళకి ఈ వ్యాసం పనికిరాదు.

ముందు కారణం చెప్పాలి. పదమూడేళ్ళ క్రితం మా ఆయన రఘు ఉద్యోగం మీద అమెరికా వచ్చాం. నేను బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ, ఆ పైన మొక్కల తెగుళ్ళ మీద ఎమ్మెస్సీ చదివినదాన్ని. ఇక్కడ నా వీసా ఆయన వీసాకి తోక. పనిచేసుకోవచ్చని ఒక కార్డు ఇస్తారు. దానికి గడువుంటుంది. గడువు దాటేలోపు కొత్తది రావచ్చు, రాకపోవచ్చు. రఘు ప్రాజెక్ట్ అయోవాలో ఉన్న మూడేళ్ళు నేను అక్కడొక విత్తనాల కంపెనీలో చేశాను. కార్డు రెన్యూవల్ ఆలస్యమైంది. గడువు దాటిన మర్నాడే గేటు దగ్గర బ్యాడ్జి తీసేసుకున్నారు. అది రెండేళ్ళ కిందటి మాట.

ఈ ఏడాది ఆస్ట్రేలియాకి అప్లై చేద్దామనుకున్నాం. సిడ్నీ, మెల్‌బోర్న్ లాంటి మహానగరాలు కాకుండా మిగతా ప్రాంతాల్లో స్థిరపడతామనే నిపుణులకు అక్కడొక వీసా ఉంది. అందులో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పోటీ విపరీతం. పంటల శాస్త్రం తెలిసినవాళ్ళు మాత్రం కావాలట. అంటే ఈసారి అసలు దరఖాస్తుదారు నేను, నా మీద ఆధారపడినవాడు రఘు. ఆ ఫారంలో ఆ గడి నింపినప్పుడు నాకు కలిగిన సంతోషం దాచుకోను. ఒకటే చిక్కు. నలభై అయిదు నిండేలోపు పిలుపు రావాలి. నాకు అక్టోబరులో నిండుతాయి.

పదమూడేళ్ళు ఈ దేశంలో ఇంగ్లీషులో బతికినా ఇంగ్లీషు పరీక్ష తప్పలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక కంప్యూటర్‌కి ఒక పటాన్ని వర్ణించి చెప్పాను. సరే, అదీ అయింది. మిగిలింది ఒక ఉత్తరం. నేను చేసిన పనులేమిటో కంపెనీ రాసివ్వాలి. మూడు మెయిల్స్ పెట్టాను. మూడోదానికి జవాబు వచ్చింది: 'ఉద్యోగం చేసిన తేదీలు, హోదా మాత్రమే ధ్రువీకరించగలం. హోదా: ఫీల్డ్ అసిస్టెంట్.' నా దరఖాస్తు చెత్తబుట్టలో పడటానికి ఆ రెండు మాటలు చాలు.

"నేనే వెళ్తాను" అన్నాను.

"ఇంకో మెయిల్ పెట్టు. అక్కడికెళ్ళి అరిస్తే ఇచ్చేది కూడా ఇవ్వరు" అన్నాడు రఘు.

"ఇప్పుడిస్తున్నదేంటి?"

ఆయన సోమవారం పొద్దున టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో క్లయింట్ దగ్గరికి ఫ్లైట్ ఎక్కాడు. కారు ఇంటి దగ్గరే ఉంది, కానీ నేను నడపడానికి లేదు. నా డ్రైవింగ్ లైసెన్స్ గడువు కూడా వీసా తేదీతో ముడిపెట్టారు, వీసా పొడిగింపు కాగితం ఇంకా రాక అదీ దాటిపోయింది. అందుకే రైలు. ఆరు నెలలు ఉండటానికి వచ్చిన మా అత్తయ్య సుశీలమ్మ గారిని అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా వదల్లేను కాబట్టి ఆవిడకీ టికెట్ తీశాను. ఒక్కొక్కరికి యాభై డాలర్ల లోపే అయింది. ముందుగా బుక్ చేస్తే ఇంకా తగ్గుతుంది.

రైలు రెండంతస్తులది. సీట్లు మన ఫస్ట్ క్లాసు కంటే విశాలం, కాళ్ళు చాపుకోవచ్చు. కింద కాఫీ దొరుకుతుంది, తాగకపోతే మంచిది. మా పక్క వరసలో గడ్డం పెంచుకున్న ఒక పెద్దాయన, తలకి తెల్లటి గుడ్డ కట్టుకున్న ఆయన భార్య కూర్చున్నారు. కార్లూ కరెంటూ వాడని ఆమిష్ వాళ్ళు. ఆయన కిటికీలోంచి చేలు చూస్తూ, "ఈసారి వానలెక్కువ. ఆకు మచ్చ వస్తుంది" అన్నాడు.

"ముందు కింది ఆకులకే వస్తుంది, బూడిద రంగు చారలుగా" అన్నాను. ఆయన నా వైపు తిరిగి, "మీరు రైతా?" అని అడిగాడు. "ఒకప్పుడు మొక్కల తెగుళ్ళు చూసేదాన్ని" అన్నాను.

గేల్స్‌బర్గ్ దాటాక అత్తయ్య డబ్బా తెరిచి పులిహోర పెట్టారు. తింటూ తింటూ మెల్లగా అడిగారు.

"అమ్మాయ్, ఒకటడుగుతా, ఏమనుకోబాక. అక్కడ నువ్వు చేసింది కూలి పనేనా?"

"ఎవరన్నారు?"

"మావాడేగా. ఏదో పొలం పనిలే అమ్మా, కాలక్షేపానికి ఎల్తంది అన్నాడు. నేను మనోళ్ళకి ఆఫీసులో చేత్తందని చెప్పుకున్నా."

మూడు వేసవులు పొద్దున్నే అయిదింటికి లేచి, మూడు వందల మడుల్లో ఒక్కో మొక్కా తిరగేసి, ఏ రకానికి తెగులు ఎంతవరకు పాకిందో, దేన్ని ఉంచాలో, దేన్ని పీకేయాలో రాసి, శీతాకాలమంతా కూర్చుని రిపోర్టులు తయారు చేస్తే, నా ఇంట్లో దాని పేరు కాలక్షేపం. అదంతా అత్తయ్యకి చెప్పాను. ఆవిడ బాపట్ల దగ్గర నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి. విని, "అయితే నువ్వు చెప్పిన ఇత్తనమేనా ఆళ్ళు అమ్ముకునేది?" అన్నారు. "అవును" అన్నాను. నది దాటుతున్నామని కండక్టర్ చెప్పాడు. నేను తల తిప్పి చూడలేదు.

మిసిసిపీ దాటాక వచ్చే ఒక చిన్న స్టేషన్‌లో దిగాం. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. అప్పటికి ఆరూ నలభై, ఎండ ఇంకా ఉంది. ఊబర్ దొరకదు. ఒకాయన సొంత వ్యాన్ నడుపుతాడు, ముందు రోజే ఫోన్ చేసి చెప్పుకోవాలి. మోటెల్ శుభ్రంగానే ఉంది. పొద్దున గళ్ళ అట్టు లాంటి వాఫుల్ పిండి మనమే మెషీన్‌లో పోసుకోవాలి. అత్తయ్య రెండు పోసుకుని, ఆవకాయ నంజుకుని తిన్నారు.

గురువారం ఎనిమిదింపావుకి కంపెనీకి చేరాం. ఫోన్ చేయలేదు, చేస్తే మేనేజర్ దొరికేవాడు కాదు. నా పాత మేనేజర్ బ్రెంట్ నవ్వుకుంటూ బయటికి వచ్చాడు. "షైలా!" అన్నాడు. నా పేరు శైలజ అని మూడేళ్ళు చెప్పాను. అత్తయ్యని రిసెప్షన్‌లో కూర్చోబెట్టి, అద్దాల గదిలోకి వెళ్ళాం.

"నువ్వు మాకు గొప్ప సాయం చేశావు" అని మొదలుపెట్టాడు.

"సాయం కాదు, పని చేశాను. తెగుళ్ళ రిపోర్టులు ఎవరు తయారు చేశారు?"

"కాగితం మీద అవి డార్లీన్‌వి."

డార్లీన్ ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్. మొలకలు లెక్కపెట్టేది. మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని నడిచేది, పొలంలోకి అడుగు పెట్టేది కాదు. అదే అన్నాను.

"నాకు తెలుసు" అన్నాడు బ్రెంట్. అనేశాక బల్ల మీది పెన్ను సర్దాడు. "కానీ నా పరిస్థితి చూడు. నీ కార్డు ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. నిన్ను శాస్త్రవేత్త పోస్టులో చూపించి, మధ్యలో నువ్వు పోతే పైవాళ్ళు నన్నడుగుతారు."

"సరే. ఇప్పుడు 'తెలుసు' అన్నారుగా, అదే రాసివ్వండి."

"లాయర్లు ఒప్పుకోరు."

"లాయర్ల కోసం కాదు, నా కోసం అడుగుతున్నాను. అక్టోబరు దాటితే నాకు ఇంకో అవకాశం లేదు."

"శాంతంగా ఉంటే మాట్లాడుకుందాం, షైలా."

నేను లేచి నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసింది. "మూడేళ్ళు శాంతంగానే ఉన్నాను. దానికి మీరిచ్చిన పేరు ఫీల్డ్ అసిస్టెంట్" అన్నాను. గొంతు గది దాటి వినిపించినట్టుంది, రిసెప్షన్‌లో అమ్మాయి లేచి నిలబడింది. తలుపు నేనే తీసుకుని బయటికి వచ్చాను. ఏడుపు రాలేదు, వస్తే చూడాలని వాడు ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

పార్కింగ్ లాట్‌లో అత్తయ్య అడిగారు. "ఇచ్చాడా?"

"లేదు."

"నువ్వు చేసిన సంగతి తెలుసన్నాడా, తెలీదన్నాడా?"

"తెలుసన్నాడు."

"అయితే ఇంక ఆడితో మాటలెందుకు. ఆ డార్లీనో ఎవరో, ఆమె ఇల్లెక్కడ?"

"నేను ఆమె మొహం చూడను, అత్తయ్యా. నా పని మీద సంతకాలు పెట్టింది ఆవిడే."

"అందుకేగా ఎల్లేది. నీ పని ఆమె పేరు మీదుంది. తెచ్చుకోవద్దా?"

వ్యాన్ ఆయనకి డార్లీన్ ఇల్లు తెలుసు, ఆ ఊళ్ళో అందరికీ అందరి ఇళ్ళూ తెలుసు. వెళ్ళేసరికి ఆమె పైపుతో టమాటా మొక్కలకి నీళ్ళు పెడుతోంది. కర్ర లేకుండా నడుస్తోంది. నన్ను గుర్తుపట్టి నవ్వబోయింది. నేను పలకరింపులు లేకుండా ఎందుకొచ్చానో చెప్పేశాను. బ్రెంట్ ఏమన్నాడో కూడా చెప్పాను. ఆమె వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చింది.

"ఆ రిపోర్టుల మీద రెండేళ్ళు బోనస్ తీసుకున్నాను" అంది. "మోకాళ్ళ ఆపరేషన్ దాంతోనే చేయించుకున్నాను. నువ్వు రాసినవని నాకు తెలుసు. నోరు తెరవాల్సింది."

"తెరవలేదు."

"తెరవలేదు" అని ఒప్పుకుంది.

కంపెనీ రాసివ్వకపోతే, పక్కన పనిచేసినవాళ్ళు ప్రమాణం చేసి రాసిన వాంగ్మూలాన్ని జీతం స్లిప్పులతో కలిపి ఆస్ట్రేలియా వాళ్ళు పరిశీలిస్తారని చదివాను. అది చెప్పాను. ఆమె కొడుకు అదే కంపెనీ గోడౌన్‌లో ఫోర్‌క్లిఫ్ట్ నడుపుతాడు.

"వాడికి ముందు ఫోన్ చేస్తాను" అంది. "అడగడానికి కాదు. చెప్పడానికి."

లోపలికి వెళ్ళి ఫోన్ చేసింది. అవతలి గొంతు పెరగడం వరండాలోకి వినిపించింది. ఆమె మాత్రం, "నాకు తెలుసు. అయినా రాస్తున్నాను" అని పెట్టేసింది. తర్వాత వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండు గంటలు రాసింది. ఒక్క మాట కూడా నేను అందించలేదు. నేను ఏ పొలంలో ఏం చేశానో, ఏ ఏడాది ఏ రకం తీసేయమన్నానో ఆమెకే గుర్తుంది. అంత బాగా గుర్తుండటం చూసి నాకు ఇంకా మండింది. ఏం తీసుకుంటోందో అంత స్పష్టంగా తెలిసే తీసుకుంది.

మధ్యాహ్నం ఊళ్ళో బ్యాంకుకి వెళ్ళాం. అక్కడ నోటరీ ఉంటుంది, కాగితం మీద సంతకం వాళ్ళ ఎదుటే పెట్టాలి. పది నిమిషాల్లో అయిపోయింది. బయట డార్లీన్ నా చెయ్యి పట్టుకుని, "నన్ను క్షమించగలవా?" అని అడిగింది.

"కాగితానికి థాంక్స్" అన్నాను. "అది మాత్రం ఇప్పుడు అడక్కండి."

తల ఊపి కారెక్కింది. నేనన్నది కఠినంగా ఉందని మీకు అనిపిస్తే అనిపించనివ్వండి.

సాయంత్రం మోటెల్‌కి రఘు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాను. "వచ్చిందా? చూశావా, కూల్‌గా అడిగితే..." అంటుండగానే అత్తయ్య ఫోన్ లాక్కున్నారు.

"ఏరా, ఈ పిల్ల చేసింది కాలక్షేపమని నాకెందుకు చెప్పావురా?"

"ఏదో మాటవరసకి అన్నానమ్మా" అన్నాడు.

"ఆ అయోవా వోడూ అట్టాగే అన్నాడులే, మాటవరసకి" అని పెట్టేశారు.

శుక్రవారం పదింటికి తిరుగు రైలు, పావుగంటే లేటు. సీటు దొరికాక మొదటిసారి ప్రశాంతంగా కిటికీలోంచి చూశాను. ఇరుపక్కలా మోకాలెత్తు మొక్కజొన్న. వాటిల్లో ఏదో ఒక చేలో నేను ఎంచిన రకం ఉండే ఉంటుంది. దాన్ని అమ్మినవాడికి తెలుసు, సంతకం పెట్టినామెకి తెలుసు. ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను మాత్రం అడగలేదు. ఈ దారిన వచ్చేవాళ్ళకి నేను చెప్పేది రైలు గురించి కాదు. ఏ హోదా ఇస్తున్నారో చేరిన రోజే అడగండి. చేసిన ప్రతి పనికీ మీ పేరుతో ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి. మీ కార్డు గడువు చూపించి మీ పేరు తగ్గిస్తే, అది వాళ్ళ దయ అని అనుకోకండి. ఇది రాసేనాటికి నా చదువునీ అనుభవాన్నీ తూచే ఆస్ట్రేలియా అసెస్‌మెంట్ అనుకూలంగానే వచ్చింది. పిలుపు ఇంకా రాలేదు. అక్టోబరు దగ్గరపడుతోంది. కోపం ఏమీ తగ్గలేదు, కానీ ఇప్పుడు అది ఎవరి మీదో నాకు తెలుసు.

ఆ రోజు నది ఒడ్డున ఉన్న బర్లింగ్టన్ దాటాక అత్తయ్య, "ఆ కాగితంలో ఏం రాసిందో తెలుగులో చదువు" అన్నారు.

కవరు తీసి ఒక్కో వాక్యం తెలుగు చేసి చదివాను. పొలాలు, తెగుళ్ళు, తేదీలు. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పెరిగింది. "ఆ మూడేళ్ళూ అక్కడ పంటల శాస్త్రవేత్త ఆమే, నేను కాదు."

ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. నేను గొంతు తగ్గించలేదు.

"ఇంకోసారి చదువు" అన్నారు అత్తయ్య.