తొవ్వ దిక్కు నిలిచిన బండి

మా మేనత్త పోయి ఇంకా నెల కాలేదు. ఆ ఉదయం బడంగ్‌పేట్‌లో మా ఇంట్లో పిల్లకు టిఫిన్ డబ్బా సర్దుతుంటే ఇబ్రహీంపట్నం నుంచి బాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ అత్త లేదే. మెట్ల మీద కూసున్నది కూసున్నట్టే పోయింది" అన్నాడు. చనిపోవడం సంగతి తర్వాత, ముందు ఆమె కూర్చుందంటేనే నాకు నమ్మబుద్ధి కాలేదు. మా అత్త టీ కూడా నిలబడే తాగేది.

నేను వెళ్లేసరికి ఆమెను అరుగు మీద పడుకోబెట్టారు. కాళ్లకు చెప్పులు ఇంకా ఉన్నాయి. కొత్త టైర్లు వేయించడానికి మన్నెగూడ పంపిన కారును మెకానిక్ తెస్తాడని ఎదురుచూస్తూ మెట్ల మీద కూర్చుందట. గుండె ఆగిపోయిందన్నారు. ఆ చెప్పులు తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. చివరికి మా అమ్మ ఏడుస్తూనే తీసింది.

అత్త పట్నంలో ఓ పెద్ద దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు తీరిక దొరకలేదని చెప్పి ఊరుకునేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఓ ఇంట్లో రెండేళ్లు నిలకడగా ఉన్నది లేదు. ఓనర్లు పొమ్మనేవారు కాదు, ఈమే పోయేది. గోడల మీద మరకలు కూడా గుర్తుంటున్నాయంటే ఇక ఇల్లు మారే టైమొచ్చినట్టే అనేది. రిటైరయ్యాక బాపు పట్టుబట్టి ఇబ్రహీంపట్నంలో తన ఇంటి పక్కనే రెండు గదులు వేసి ఉండమన్నాడు. ఉంది, కానీ ఆ గోడలకు ఒక్క మేకు కొట్టనివ్వలేదు. క్యాలెండర్ బియ్యం డబ్బాకు ఆనించి ఉండేది. చీరలు సూట్‌కేసులోంచి బయటికొచ్చి, ఉతికాక మళ్లీ సూట్‌కేసులోకే వెళ్లేవి. "అలవాటైతే మొద్దువారుతం బిడ్డా" అనేది నాతో.

ఆమె వదలకుండా వెంట తిప్పుకున్నది ఒక్క కారునే. మీగడ రంగుది, గుండ్రటి లైట్లు, ముందు రెండు సీట్లకు బదులు ఒకటే పొడుగాటి సోఫా. బాపు పుట్టక ముందు తయారైన విలాయతి బండి. దవాఖానలో ఓ ముసలి డాక్టరుగారికి చూపు తగ్గితే, అత్త డ్రైవింగ్ నేర్చుకుని మరీ ఆయన్ను ఇంటికి దించి వచ్చేది. ఆయన పోయాక పిల్లలు దాన్ని పాత సామానుకు వేయబోతుంటే తనకిమ్మని అడిగి తెచ్చుకుంది. ప్రతి ఆదివారం పొద్దున చోక్ లాగి, అది దగ్గి దగ్గి దారికొచ్చేదాకా బుజ్జగించి, మన్నెగూడ దాకా పోయి వచ్చేది. వచ్చాక దాన్ని వెనక్కి నడిపిస్తూ లోపల పెట్టేది. ముందు భాగం ఎప్పుడూ గేటు వైపే ఉండాలి. సందు ఇరుకు, మెడ నొప్పి, అయినా సరే. ఈ తిప్పలెందుకని అడిగితే, "అంబులెన్సు ఎట్ల పెడ్తరో సూడలేదా? బండి మూతి ఎప్పుడైనా తొవ్వ దిక్కే ఉండాలె" అంది.

దాని విలువ నాకు నా కాన్పప్పుడు తెలిసింది. పుట్టింట్లో ఉన్నాను, అత్త అప్పటికే రిటైరై పక్క గదుల్లో ఉంటోంది. తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి, ఇంకా చాలా రోజులుందనుకున్న కాన్పు. బాపు అంబులెన్సుకు ఫోన్ చేసి, ఇంటి గుర్తులు చెప్పలేక అరుస్తున్నాడు. అత్త అప్పటికే నన్ను ఆ సోఫా సీటు మీద కూర్చోబెట్టేసింది. మంచులో బొంగులూరు దగ్గర రింగురోడ్డు ఎక్కించింది. వెనకొచ్చే లారీలు హారన్ కొడుతుంటే అద్దంలోంచి వాళ్లనో తిట్టు తిడుతూ, నన్నో చూపు చూస్తూ, శ్వాస ఎట్లా తీసుకోవాలో చెబుతూ నడిపింది. నా బిడ్డ ఈ రోజు స్కూలుకు పోతోందంటే ఆ బండి ఆ పూట మూతి గేటు వైపు పెట్టుకుని నిలబడి ఉండబట్టే. ఆ మాట ఆమెతో అంటే విసుక్కునేది కాబట్టి ఎన్నడూ అనలేదు. ఇప్పుడు మీతో అంటున్నాను.

రిటైరై బాపు పంచన చేరాక కొన్నేళ్లు కష్టంగా గడిపింది. గేటు దాకా నడవడం, రావడం, మళ్లీ నడవడం. అప్పుడే నేపాల్ మాట మొదలైంది. అత్తతో పాటు అదే దవాఖానలో పనిచేసిన నర్సు ఒకామె ఉంది. వాళ్ల నాన్న నేపాల్ నుంచి వచ్చి అక్కడే వాచ్‌మన్‌గా చేసేవాడు, ఆమె పుట్టి పెరిగింది పట్నంలోనే. మనకంటే గట్టిగా మన తెలుగు మాట్లాడుతుంది. రిటైరయ్యాక తల్లి ఊరికి, కొండల్లోకి వెళ్లిపోయింది. నువ్వూ రా అక్కా, ఇద్దరం ఉందాం అని రోజూ ఫోన్. అత్త వస్తానంది. విమానంలో కాదు, తన కారులో, కారుతో సహా.

బాపుకు కోపం, భయం ఒకేసారి వచ్చాయి. "అరువై దాటినంక దేశం గాని దేశం పోతనంటవ్. ఆడ పానం బాగలేకపోతే నిన్ను సూసేదెవరు?" అన్నాడు.

"ఇద్దరం నర్సులమే గద అన్నా. ఇంకెవరు సూడాలె?" అంది అత్త.

కారు లేకపోతే కదలదని బాపుకు తెలుసు. అందుకే బొంగులూరు దగ్గర ప్లాట్ల వెంచర్ వేసిన తన స్నేహితుణ్ని ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆయనకు పాత కారు కావాలి. వెంచర్ కమాను పక్కన సిమెంటు గద్దె కట్టి, చుట్టూ పూలకుండీలు పెట్టి, రాత్రి లైట్లు వేస్తాడట. టైర్లు కూడా అవసరం లేదు, కింద ఇటుకలు పేరుస్తామన్నాడు. అత్త ఆయనకు మర్యాదగా టీ ఇచ్చింది. "చచ్చినోళ్లకు గద్దె కడ్తరు. అది బతికే ఉన్నది" అని చెప్పి, గేటు దాకా వెళ్లి సాగనంపింది.

తర్వాత స్నేహితురాలి ఫోనొచ్చింది. అక్కడ కనుక్కుందట. మన మనిషి ఎన్నాళ్లున్నా అడిగేవాళ్లు లేరు, మన బండికి మాత్రం ఏడాదికి ఓ నెల కంటే ఎక్కువ ఉండే వీలు లేదు. బాపు ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు తెప్పించాడు. అత్త తినలేదు. ఆదివారం వచ్చినా చోక్ లాగలేదు. నేను ఊరికి వెళ్లినప్పుడు గేటు పట్టుకుని రోడ్డు మీద పోయే కాలేజీ బస్సుల్ని చూస్తూ నిలబడి ఉంది. నా వైపు తిరగకుండానే అంది.

"దానికెన్ని దినాలిస్తరో నాక్కూడ గన్నే. అది తిరిగొస్తే నేనూ తిరిగొస్త. మళ్లొచ్చే యేడు మళ్ల పోత. మంచిగైంది పో, ఆడ సుత పాతుకపోవుడు తప్పింది."

అప్పుడు నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ఆమె అర్థమైంది. మేమంతా ఆమె ఎక్కడ స్థిరపడుతుందోనని బెంగపడుతున్నాం, ఆమె స్థిరపడకుండా బతికే దారి కోసం ఇన్నాళ్లూ వెతుక్కుంది. దసరా వెళ్లాక బయలుదేరుతానంది. టైర్లు అరిగిపోయాయి, ఆ సైజువి ఇక్కడ దొరకవు, తెప్పించేసరికి నెలలు పట్టింది. అవి వేయించడానికి పంపిన రోజే పోయింది.

అత్త కర్మ దినాలు ఆదివారం పడ్డాయి. స్నేహితురాలు రైళ్లు మారి వచ్చింది, చేతిలో చిన్న సంచి. ఫోటోకు దండం పెట్టి కాసేపు ఏడ్చింది. భోజనానికి రమ్మంటే రానని, కారు ఎక్కడుందని అడిగింది. అత్త పోయిన ఉదయం మెకానిక్ తెచ్చి వదిలేసిన చోటే ఉంది, ముందు భాగం గోడకు తగిలేటట్టు. ఇన్ని రోజులూ మాలో ఎవరం దాని వంక సరిగా చూడలేదు. వెంచర్ ఆయన కూడా వచ్చి, ఇక నిర్ణయం మీదే కదా అని బాపుతో మెల్లగా అంటున్నాడు. బాపు తల వంచుకుని వింటున్నాడు.

"అక్క బండిని గిట్ల పెట్టేటిది కాదు" అంది ఆమె అందరికీ వినబడేలా. "ముందు దీన్ని తిప్పుండ్రి."

బాపు లేచాడు. పొలంలో ట్రాక్టరు తప్ప ఇంకేదీ నడిపినవాడు కాదు, చెల్లెలి మీద కోపంతో ఆ కారును ఏనాడూ ముట్టుకున్నవాడు కాదు. తలుపు తీసి కూర్చున్నాడు. చోక్ ఎంత లాగాలో చూపే మనిషి లేదు. అది రెండుసార్లు ఆగింది. మూడోసారి దగ్గి, దారికొచ్చింది. ముందుకీ వెనక్కీ చాలాసేపు తిప్పాడు, చెమటలు కారాయి, తులసి కుండీ ఒకటి పగిలింది. చివరికి ఆ గుండ్రటి లైట్లు రెండూ గేటు వైపు తిరిగాయి.

ఇక దిగుతాడనుకున్నాం. దిగలేదు. ఇంజను ఆపలేదు కూడా. స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉంచి ఎదురుగా చూస్తున్నాడు. ఆమె అటువైపు తలుపు తీసి, సంచి ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది.

"ఇయ్యాల ఆదివారమే గద. మన్నెగూడ దాంక పోయొద్దాం" అన్నాడు బాపు. "ఇది నాకు లొంగుతదేమో సూద్దాం. లొంగితే, దసరా ఎల్లినంక నాకు మీ ఊరి తొవ్వ సూపెట్టాలె నువ్వు."

గేటుకు అడ్డంగా వెంచర్ ఆయన జీపు ఉంది. ఆయన ఒక నిమిషం చూసి, తాళాలు తీసుకుని వెళ్లి పక్కకు జరిపాడు. మీగడ రంగు కారు గేటు దాటి సాగర్ రోడ్డు వైపు మళ్లింది. కొత్త టైర్ల మీద సన్నటి రబ్బరు నూగు ఇంకా అరగకుండా అలాగే ఉంది.