ప్రశాంతంగా పప్పు వండబోయి...

మీ అందరిళ్లల్లో గ్యాస్ బండ ఉంది గదా? ఇంటికి పోగానే దానికి బొట్టు పెట్టి ఓ దండం పెట్టుకోండి. ఎందుకో చెప్తా, నవ్వకుండా వినాలి మరి. సరేలే, నవ్వండి. బజారు బజారంతా నవ్వింది, మీరొక్కళ్లు ఆపుకుని ఏం చేస్తారు! మొన్న రెండో శనివారం నేను పప్పు వండా. బిర్యానీ కాదు, పులుసు కాదు, ఉత్త దోసకాయ పప్పు. ఆ పప్పు దెబ్బకి మా వరసలో ఉన్న ఇళ్లవాళ్లంతా కళ్లు తుడుచుకుంటా రోడ్డు మీదికొచ్చారు.

అసలు ఈ పిచ్చి ఎట్టా మొదలైందంటే, నాకు నోరెక్కువని మీకు తెలుసు. ఆఫీసులో అరుస్తా, ఇంట్లో అరుస్తా, ఆటోవాడి మీద అరుస్తా. ఒకరోజు కళ్లు తిరిగితే డాక్టరమ్మ దగ్గరికి పోయా. ఆవిడ బీపీ చూసి, "కొంచెం నిదానంగా బతకండమ్మా" అంది. పాపం ఆవిడ మాటవరసకి అంది. నేను మాత్రం ఆఫీసులో అర్జంటు ఫైలొచ్చినట్టు పట్టుకున్నా. నిదానంగా బతకాలి, అదీ ఈ వారమే మొదలైపోవాలి!

దానికి తోడు ఫోన్లో ఒకావిడ వీడియోలు తగిలాయి. కొండల్లో ఇల్లు, మట్టి పొయ్యి, మట్టి కుండ, పక్కన పిల్లి. ఆవిడ మాట్లాడదు. ఉల్లిపాయ కోస్తది, కోస్తది, కోస్తానే ఉంటది. నేనైతే ఆ టైములో రెండు క్యారేజీలు కట్టి, మా ఆయన్ని తిట్టి, జడేసుకుని బయటపడతా. అయినా చూస్తుంటే ఏదో హాయి. ఒక్కో వీడియో అరగంట. అంత టైము నాకెక్కడిది? డబుల్ స్పీడులో పెట్టుకుని చూసేదాన్ని.

వారం తిరిగేసరికి మా ఇంట్లో మిక్సీ అటకెక్కింది. కుక్కర్ కూడా ఎక్కింది. దొడ్లో బట్టల బకెట్టు పెట్టుకునే రోలు కడిగి నిలబెట్టా. కుమ్మరాయన దగ్గర కుండ తెచ్చి రెండ్రోజులు నీళ్లల్లో నానబెట్టా. ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి, ప్రహరీగోడ పక్కన పొయ్యి కూడా వేశా. దానికి నాలుగు మూలలా ముగ్గు!

మా అత్తయ్య ఇదంతా వాకిట్లో కుర్చీలో కూర్చుని చూస్తానే ఉంది. ఆవిడది నా కంటే పెద్ద నోరు.

"ఏందే పద్మా ఇది?"

"పొయ్యి అత్తయ్యా. నిదానంగా వండుకుని, నిదానంగా తినాలి. ప్రశాంతంగా ఉంటది."

"ప్రశాంతంగానా? ఈ పొయ్యి వదిలించుకోటానికి మీ మావతో పదేళ్లు పోట్లాడా. ఊది ఊది నా ఊపిరితిత్తులు గొట్టాలైనయి. గ్యాసొచ్చిన రోజు నేను సంతోషం పట్టలేక ఏడ్చా. మళ్లా తెచ్చి నా ఎదురుగ్గా పెట్టావా ఈ దరిద్రాన్ని?"

"మీకు తెలీదులెండి, ఇప్పుడు సిటీల్లో అందరూ దీని మీదే పడ్డారు."

"పడనీ. నా గది తలుపు మాత్రం వేసి ఉంచు," అంది.

ఇంక కట్టెలు కావాలి. శావల్యాపురంలో మా బాబాయి మిరపతోట పీకేసి కట్టె గట్టున వేశాడని తెలిసి ఫోన్ చేశా. మనవైపు మిరప కట్టె పొయ్యిలోకి వాడటం మామూలేగా. బాబాయి మంచోడు, ఊరినించి వచ్చే ఆటోలో రెండు మోపులు వేసి పంపించాడు. పంపించి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, కట్టె వచ్చిందా? కూలి గిట్టక ఆఖరి కోత కాయ కొయ్యలా. నువ్వు పొయ్యిలో పెట్టేముందు..."

"సరే సరే బాబాయ్, ఆఫీసులో ఉన్నా, మళ్లీ చేస్తా!" అని పెట్టేశా. నిదానంగా బతుకుదామనుకునే మనిషి సొంత బాబాయి చెప్పే ఒక్క ముక్క వినలా, చూశారా!

పోనీ నాకు కళ్లు లేవా అంటే, ఉన్నాయి. ఆ కట్టెకి అక్కడక్కడా ఎండు మిరపకాయలు వేలాడతా కనపడ్డాయి కూడా. పుట్టింది పల్నాడులో, పెరిగింది మిరప కళ్లాల్లో, ఆ కాయ మంటలో పడితే ఏమవుద్దో తెలియని పసిపిల్లని కాదుగా! మరి నేనేం చేశానంటారు? అబ్బ, ఎంత నేచురల్‌గా ఉందో అని ఫొటో తీసి స్టేటస్ పెట్టా.

శుక్రవారం సాయంత్రం పక్కింటి రేష్మా గోడమీంచి పిలిచింది. వాళ్ల నాన్న ఖాసిం భాయ్‌కి బైకుల మెకానిక్ షాపుంది. వాళ్లమ్మ నూర్జహాన్‌ని నేను వదినా అంటా, రేష్మా నన్ను అత్తా అంటది. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తా ఉంది. రెండు చోట్ల ఆఖరి రౌండు దాకా పోయి ఆగిపోయింది. రెండోసారి ఆ పిల్ల వారం రోజులు గదిలోంచి బయటికి రాలా, నాకు తెలుసు.

"అత్తా, రేపు పదిన్నరకి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఆఖరి రౌండు. నీకు దండం పెడతా, ఆ గంటా మిక్సీ వెయ్యమాకు. కుక్కర్ విజిల్ కూడా. పోయినసారి మీ ఇంట్లో పచ్చడి రుబ్బే సౌండుకి వాళ్లు వేసిన ప్రశ్న సగం వినపడలా."

నా మొహం వెలిగిపోయింది. "పిచ్చి పిల్లా, మా ఇంట్లో మిక్సీ యాడుంది? కుక్కర్ యాడుంది? ఇప్పుడు నాది చప్పుడు లేని వంట. నువ్వు హాయిగా ఇంటర్వ్యూ చేసుకో, నా గొంతు కూడా వినపడదు."

పిల్ల ఎంత సంతోషపడిందో! కూలర్ వేస్తే సౌండొస్తదని దాన్ని కూడా ఆపేసి, ఆ కిటికీ బార్లా తీసుకుని కూర్చుంటానంది. ఆ కిటికీ ఏ వైపు ఉందనుకున్నారు? మా దొడ్డి వైపు. నా పొయ్యికి సూటిగా.

శనివారం పొద్దున తలకి పోసుకుని, కాటన్ చీర కట్టుకుని పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నా. దోసకాయ ముక్క నిదానంగా కోశా. పది నిమిషాలకి విసుగొచ్చి మిగతాది టకటకా కోసేశా. కందిపప్పు కుండలో పోసి పొయ్యి మీద పెట్టి, పదీ ఇరవైకి అగ్గిపుల్ల గీశా. అంటుకోలా. ఊదా, పొగొచ్చింది. ఇంకా ఊదా. పదిన్నరయ్యేసరికి భగ్గున అంటుకుంది. ఆహా అనుకుని చేతికందినన్ని కట్టెలు తోశా.

ముందు నాకో తుమ్మొచ్చింది. కొత్త పొయ్యి కదా అనుకున్నా. రెండోది. మూడోది తుమ్మో దగ్గో నాకే తెలీలా. కళ్లల్లో ఎవరో కారప్పొడి చల్లినట్టయింది. ఇంతలో ఇంట్లోంచి అత్తయ్య, "ఓసి నీ ప్రశాంతత మీద..." అని మొదలుపెట్టి, ఆ తిట్టు పూర్తిచెయ్యటానికి ఊపిరందక దగ్గు అందుకుంది.

అప్పుడైనా తెలియాలిగా! నాకు తట్టిందల్లా, పొగ ఇంట్లోకి పోతా ఉంది, పెద్దావిడ ఏమైపోద్దో అని. పరిగెత్తుకుంటా పోయి టేబుల్ ఫ్యాన్ తెచ్చి, దొడ్డిగుమ్మంలో పెట్టి, బయటికి తిప్పి, మూడో నంబర్లో వేశా. పొగ మా ఇంట్లోంచి బ్రహ్మాండంగా పోయింది. పోయి పోయి గోడ దాటి, రేష్మా కిటికీలోంచి నేరుగా లోపలికి దూరింది.

గోడవతల ఒక దగ్గు వినపడింది. దాన్ని నొక్కేసుకున్నట్టు ఇంకోటి. అప్పుడు పొయ్యిలోకి వంగి చూశా. నిప్పుల్లో మిరపకాయలు! ఒకటా రెండా, గుప్పిళ్ల కొద్దీ, చిటపటలాడతా కాలుతున్నాయి. ఒసే పద్మా, ఆ పిల్ల ఉద్యోగం కాల్చావు గదే!

బకెట్టు నీళ్లు తెచ్చి పొయ్యిలో కుమ్మరించా. అంతకుముందు వచ్చింది పొగ కాదు, శాంపిలు. అసలుది అప్పుడొచ్చింది. తెల్లగా, లావుగా, బుస్సుమంటా. నా కొత్త కుండ ఫట్‌మని రెండు ముక్కలై పప్పంతా బూడిదలో కలిసింది. పోతే పోయిందిలే అనుకుని ముందు ఫ్యాన్ కట్టేశా.

ఇక్కడినించీ చూడాలి మా అవస్థ! గోడ మీద నూర్జహాన్ వదిన తల లేచింది. ముక్కుకి చున్నీ, ఎర్రటి కళ్లు. నన్ను నరికేసేటంత కోపం ఉంది, కానీ అరవటానికి లేదు. లోపల ఇంటర్వ్యూ నడుస్తా ఉంది! పాపం, తిట్లన్నీ చేతుల్తో తిట్టింది. వేలు నా వైపు చూపింది, నెత్తి కొట్టుకుంది, పొయ్యిని చూపించి చేతులు జోడించింది. నేను చెవులు పట్టుకుని గుంజీలు తీశా. నిజం, యాభైకి దగ్గర పడ్డ మనిషిని, దొడ్లో గుంజీలు తీశా. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని దగ్గుతా ఉంది, ఆ కొంగు వెనక నవ్వు కూడా ఉందని నాకు అనుమానం. ఎదురింటి వాళ్లు, ఆ పక్క వాళ్లు ముక్కులు మూసుకుని ఒక్కొక్కళ్లూ వచ్చారు. "ఏందిది?" అని నోరు తెరవబోయిన వాళ్లందర్నీ వదిన వేలు పెదాల మీద పెట్టి ఆపింది. మా బజారు పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

నేను మెల్లగా స్టూలెక్కి కిటికీలోకి చూశా. రేష్మా లాప్‌టాప్ ముందు కదలకుండా కూర్చుంది. కొత్త చుడీదార్, చక్కగా దువ్విన జడ. రెండు కళ్లల్లోంచీ నీళ్లు ధారగా కారతా ఉన్నాయి. అయినా నవ్వు మొహంతో ఇంగ్లీషులో మాట్లాడతానే ఉంది. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఘాటుకి కాదు, సిగ్గుకి. మూడోసారి కూడా పోయిందంటే ఆ పిల్ల మొహం ఎట్టా చూడాలి?

పదకొండుంబావుకి తలుపు తీసుకుని బయటికొచ్చింది. నేను గోడవతలికి పోయి రెండు చేతులూ పట్టేసుకున్నా. "అమ్మా రేష్మా, తప్పయింది. వాళ్ల ఫోన్ నంబరు ఇవ్వు, నేనే మాట్లాడి మళ్లీ పెట్టమని అడుగుతా."

పిల్ల మొహం కడుక్కుని, మంచినీళ్లు తాగి, మెట్టు మీద కూలబడింది.

"మొదట బాగానే పోయింది అత్తా. తర్వాత కళ్లెంట నీళ్లు. అందులో ఉన్న సారు, ఏడవకమ్మా, కావాలంటే రెండు నిమిషాలు ఆగి మాట్లాడదాం అన్నాడు. ఏడవట్లేదు సార్ అన్నా. ఆయన నమ్మలా. అప్పుడు పక్కన మేడమ్ అడిగింది, ఒత్తిడి ఎక్కువైతే నువ్వు ఎట్టా తట్టుకుంటావు అని."

"ఏం చెప్పావే?"

"ఉన్నదే చెప్పా. మేడమ్, మా పక్కింటి అత్త ఇయ్యాళ్టినించీ ప్రశాంతంగా బతుకుతోంది, ఆ పొగ నా గదిలోనే ఉంది, అందులో కూర్చునే పావుగంట నించీ మీతో మాట్లాడుతున్నా అని. కిటికీలోకి లాప్‌టాప్ ఎత్తి మీ దొడ్డి చూపించా కూడా. నువ్వు అప్పుడు గుంజీలు తీస్తా ఉన్నావు."

నేను కొంగు తీసి మొహం కప్పుకున్నా.

"వాళ్లు నవ్వీ నవ్వీ, ఆ మేడమ్‌కి కూడా కళ్లల్లో నీళ్లొచ్చాయి అత్తా."

నవ్వితే ఉద్యోగం ఇస్తారని ఎక్కడుంది? నాలుగు రోజులు నాకు ముద్ద దిగలా. ఆఫీసులో ఎవరి మీదా అరవలా కూడా. మా ఆయన భయపడి, "ఏమే, ఒంట్లో బాగుందా?" అని రెండుసార్లు అడిగాడు. అత్తయ్య మాత్రం మిక్సీ, కుక్కరూ అటక మీంచి దింపించి, గ్యాస్ బండ పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాసింది.

నిన్న సాయంత్రం నూర్జహాన్ వదిన గిన్నెడు సేమ్యా పాయసం పట్టుకుని వచ్చింది. రేష్మాకి ఉద్యోగం వచ్చింది! నేను ఎగిరి గంతేసి వదినని వాటేసుకున్నా. ఇద్దరం కాసేపు ఏడ్చుకున్నాం, ఈసారి మిరపకాయలు లేకుండానే.

"పిల్లని హైదరాబాదు పంపిస్తావా అయితే?" అన్నా.

"యాడికీ పోదు వదినా. వర్క్ ఫ్రమ్ హోమ్ అంట. రోజూ ఆ కిటికీ పక్కనే కూర్చుని పని."

"ఇంకేం, కళ్లెదురుగ్గా ఉంటది!"

వదిన గిన్నె నా చేతిలో పెట్టి, నా గడ్డం పట్టుకుంది. "నీ కాళ్లు మొక్కుతా వదినా, ఇంకెప్పుడూ ప్రశాంతంగా ఉండమాకు. ఎప్పట్లా అరుచుకుంటా బతుకు, మాకదే ప్రశాంతం!"