టీవీలో కనిపించని వెర్లిన్

అమెరికాలోని ఒహైయోలో పరుపులమ్మే వెర్లిన్ ఏళ్ల తరబడి సాయంత్రం వార్తల మధ్య ప్రకటనలో పైజామాతో కనిపించి, పరుపు మీద ఆవలించి, "హాయిగా పడుకోండి" అనేవాడు. ఈ వసంతంలో అక్కడ ఓటర్లే తేల్చే ఒకే పార్టీ టికెట్ కోసం కొట్టుకుంటున్న ఇద్దరు అభ్యర్థులు డబ్బు కుమ్మరించి ఆ ప్రకటనల వేళనంతా కొనేశారు. వెర్లిన్ మాత్రం అలవాటుకొద్దీ పైజామా తొడుక్కుని, బేరాల్లేని దుకాణంలో పరుపు మీద వాలి, వాళ్ల తిట్లు మబ్బుల్లా తేలిపోతుంటే టీవీ చూస్తుండేవాడు. ఒకరోజు పక్కవీధి పెద్దావిడ ఆర్లీన్, చావింటికి పట్టుకెళ్లే బంగాళాదుంపల వంటకంతో లోపలికొచ్చింది.

"ఓరి నాయనో, బతికే ఉన్నావా! టీవీలో కనబడకపోతే పోయావనుకున్నానయ్యా. ఇది మీ ఆవిడకిద్దామని తెచ్చాను."

"ఇంకా పోలేదండీ."

"మరి దీన్నేం చెయ్యను?"

వెర్లిన్ పక్కకి జరిగి పరుపు మీద చోటిచ్చాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో తింటుంటే, టీవీలో అభ్యర్థులు ఒకరినొకరు దొంగ అని తిట్టుకుంటున్నారు. వెర్లిన్‌కి ఆవలింత వచ్చింది. ఆర్లీన్ గిన్నెలోంచి తలెత్తకుండానే, "హాయిగా పడుకోండి" అంది.