పిడికెడు బియ్యం కుండ

నా చిన్నప్పుడు, డెబ్బైల్లో ఒక శనివారం, పొద్దున ఐదూ నలభైకి మా తాతయ్య గుర్రానికి నీళ్ళు పెట్టారు. రోజూ అదే వేళకు పెట్టేవారు. విజయవాడ వన్ టౌన్‌లో జట్కా తోలేవారాయన. ఆ గుర్రం నడిస్తేనే మా ఇల్లు గడిచేది.

ఆ రోజు నాయనమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి గుర్రం ఎదుట నిలబడింది. అది ముందు కాళ్ళు కాస్త చాచి, బరువంతా వెనక్కి వేసి ఉంది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

"ఇవాళ బండి కట్టకయ్యా" అంది నాయనమ్మ.

"కుంటట్లేదుగా! స్టేషన్ బేరాలు నువ్వు లాగుతావా?" అన్నారు తాతయ్య.

"కుంటిందాకా ఆగితే, ఇక రోజూ నువ్వే లాగాల."

ఆమె కూర్చుని గిట్ట మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత నన్ను పిలిచి, గిట్టకు పైన, కాలి వెనక సందులో నా రెండు వేళ్ళు పెట్టింది. గిట్ట రాయిలాంటిదని, అందులో ప్రాణం ఉండదని అనుకునేదాన్ని. అది వెచ్చగా ఉంది. నా వేళ్ళ కింద నాడి గట్టిగా కొట్టుకుంటోంది. అంత పెద్ద జంతువు బాధ నా వేలి కొనకు అందింది.

"బాగున్నప్పుడు ఇక్కడ నాడి వేలికి తెలిసీ తెలియనట్టు ఉంటది. ఏదో ఎక్కువ తినింది. ఆ వేడి కాళ్ళలోకి దిగింది" అంది.

ఎవరు పెట్టారని అడగలేదు. వేళ్ళు తీయకుండానే నేను చెప్పేశాను.

మా ఇంట్లో అన్నం వండిన ప్రతిసారీ గుడి కోసం, అంటే మా చర్చి కోసం, పిడికెడు బియ్యం తీసి ఒక కుండలో వేసేవాళ్ళం. నెలాఖరు ఆదివారం ఆ కుండను గుడికి తీసుకెళ్ళాలి. దేవుడికి ఆకలి వేయదు, గుర్రానికి వేస్తుంది కదా అనుకున్నాను. ముందురోజు మధ్యాహ్నం కుండంతా దాని ముందు బోర్లించాను.

నాయనమ్మ నన్ను కొట్టలేదు. దాణా ఆపించింది. రెండడుగుల్లోనే ఉన్న కాలువకు గుర్రాన్ని మెల్లగా దింపించి, చల్లటి నీళ్ళలో గంటలకొద్దీ నిలబెట్టించింది. మూడు రోజులు అలాగే చేశారు. బండి మాత్రం చాలా రోజులు కట్టనివ్వలేదు. గుర్రం కుంటకుండానే కోలుకుంది. "ఇంకొక్క రోజు బండి లాగితే దాని పని అయిపోయేది" అని తాతయ్య తర్వాత ఒప్పుకున్నారు.

ఆ ఆదివారం నాయనమ్మ ఖాళీ కుండతోనే గుడికి వెళ్ళింది. "ఈ నెల మా గుర్రం తినేసిందండీ, అయ్యగారూ" అని పాస్టరు గారికి చెప్పింది. నా పేరు ఎత్తలేదు.

ఆమె పోయిన రోజు పాదాల దగ్గర కూర్చుని, చీలమండ వెనక రెండు వేళ్ళు పెట్టి చూశాను. చల్లగా ఉంది. ఇప్పటికీ ఎవరైనా బాగానే ఉన్నానంటే, ముందు వాళ్ళు నిలబడిన తీరు చూస్తాను.

ఇప్పుడు వన్ టౌన్‌లో పొద్దున్నే ఎవరూ గిట్టలు తడిమి చూడరు.