ఎర్ర తీగ ముందా, నల్ల తీగ ముందా

నా చిన్నప్పుడు మా ఇంటి ముందర ఒక జీపు ఉండేది. మా బాపు దాన్ని బాన్సువాడ నుంచి జుక్కల్ వైపు ఊళ్లకు కిరాయికి నడిపేవాడు. బస్సులు ఎప్పుడో గాని కనిపించని ఊళ్లు అవి. సంతకు పోయేవాళ్లు, పెళ్లివాళ్లు, నెలలు నిండి దవాఖానకు పోయే ఆడవాళ్లు, అందరికీ ఆ జీపే దిక్కు. కొందరు తెలుగులో పిలిచేవాళ్లు, కొందరు మరాఠీలో పిలిచేవాళ్లు. బాపు ఎవరి మాటలో వాళ్లకు జవాబు చెప్పి ఎక్కించుకునేవాడు.

అమ్మ బీడీలు చుట్టేది. వాకిట్లో చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా బాపు జీపు పని చేసుకుంటూ ఉండేవాడు. పొద్దున్నే ఇంజన్ ఆయిల్ చూసేవాడు, రేడియేటర్‌లో నీళ్లు పోసేవాడు, బ్రేకు నొక్కి వినేవాడు. జీపు పాతది కాబట్టి నడుస్తున్నప్పుడు బ్యాటరీకి కరెంటు సరిగ్గా ఎక్కేది కాదు. అందుకని బాపు ఎవరి దగ్గరో చేయించుకున్న ఇనుప డబ్బా లాంటి చార్జర్ ఒకటి ఇంట్లో ఉండేది. బ్యాటరీని విప్పి లోపలి అర్రలో పెట్టి, దాంతో చార్జి చేసేవాడు. చేతికి తువ్వాల చుట్టుకుని ఆ బరువు మోసుకుపోతుంటే మా బాపు నాకు పహిల్వాన్‌లా కనిపించేవాడు.

ఒక పొద్దున పెళ్లివాళ్లు తొందర పెడుతున్నారు. బ్యాటరీ అర్రలో చార్జి అవుతోంది. కిటికీ మూసి ఉంది. బాపు లోపలికి పోయి, స్విచ్ తీయకుండానే బ్యాటరీ మీది తీగ లాగాడు. నిప్పురవ్వ లేచింది. చార్జి అవుతున్న బ్యాటరీ నుంచి గాలిలాంటిది వస్తుంది, దానికి రవ్వ తగిలితే మండుతుంది. ఆ సంగతి నాకు తరువాత తెలిసింది. అప్పుడు నాకు వినిపించింది ఒక్క పెద్ద చప్పుడు, దాని వెనుక మా బాపు కేక. బ్యాటరీ పగిలి లోపలి తేజాబు, అంటే యాసిడ్, ఆయన ముఖం మీద పడింది.

అమ్మ చేట విసిరేసి పరుగెత్తింది. బాపును వాకిట్లోకి లాక్కొచ్చి, గోళెంలో నీళ్లు ముంచి ముఖం మీద పోస్తూనే ఉంది. ఎవరో చాలు అన్నారు. ఆమె ఆగలేదు. గోళెం అడుగంటితే పక్కింటి అక్క బిందెతో నీళ్లు తెచ్చింది. ఆ నీళ్ల వల్లే ఒక కన్నయినా మిగిలిందని నిజామాబాద్‌లో కంటి డాక్టరు తరువాత చెప్పాడు. ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి మనుషులు నీడల్లా కనిపించేవాళ్లు.

కట్లు విప్పి ఇంటికి తెచ్చాక బాపు గోడవైపు తిరిగి కూర్చునేవాడు. తినమంటే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. అంతే. గిన్నె కింద పడిన చప్పుడుకు కూడా ఉలిక్కిపడి రెండు చేతులతో ముఖం కప్పుకునేవాడు. చూడవచ్చిన వాళ్లు ఓదార్చి పోయేవాళ్లు. ఆ ఓదార్పు మాటలు వినపడుతున్నకొద్దీ ఆయన మరింత ముడుచుకుపోయేవాడు.

వర్ని నుంచి మా మేనమామ వచ్చాడు. జీపు తాను నడుపుతానన్నాడు. పగిలిన దాని బదులు ఇంకో బ్యాటరీ కూడా తెచ్చి బిగించాడు. కానీ వానలు పట్టుకున్నాయి, జీపు కదలక నిలబడిపోయింది, ఆ బ్యాటరీ కూడా దిగిపోయింది. పాత చార్జర్‌ను ఆ ప్రమాదం నాడే ఎవరో తీసుకుపోయి పారేశారు. ఆ బ్యాటరీ దిగిపోయిన రోజు బాపు చాలా కాలానికి తనంతట తాను ఒక మాట అన్నాడు. "అమ్మేయుండ్రి. గా జీపు ఇంటి ముందట ఉండొద్దు."

 ఆ మధ్యాహ్నం అమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్టాండు దగ్గర బ్యాటరీల దుకాణానికి పోయింది. ఆ దుకాణం ఆయనను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. అమ్మ కొంగు నిండుగా కప్పుకుని, "అన్నా, బ్యాటరీకి కరెంటు పెట్టుడు నాకు నేర్పుండ్రి" అంది. ఆయన మా ఇంట్లో జరిగింది ఎరిగినవాడు.  స్టూలు జరిపి అమ్మను కూర్చోమన్నాడు. ఒక్కొక్క తీగా పట్టించి, విప్పించి, మళ్లీ పట్టించి చూపించాడు. అమ్మ మరునాడు కూడా పోయింది. ఆమె వేళ్లు ఎట్లాగూ పనితనం ఉన్నవి. తునికాకు చిరగకుండా చుట్టే వేళ్లు ఆ పనిని తొందరగానే పట్టుకున్నాయి. ఏ చార్జర్ కొనాలో కూడా ఆయనతో మాట్లాడి తేల్చుకుంది. కానీ కొనలేదు. ఉత్త చేతులతో ఇంటికి వస్తూ దారిలో నాతో, "నాకు ఈ పని వచ్చని బాపుకు చెప్పకు" అంది. ఎందుకని అడిగితే నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది.

ఆ సాయంత్రం అమ్మ బాపు పక్కన కూర్చుంది.

"ఏమయ్యా, తమ్ముడు జీపు నడుపుతనంటుండు. బ్యాటరీకి చార్జర్ కావాలె. దుకాణంల పెద్దది ఒకటుంది, చిన్నది ఒకటుంది. పెద్దదైతే ఒక్క గంటల నింపుతదట. గదే తేవాల్నా?"

బాపు గోడవైపే తిరిగి ఉన్నాడు. అమ్మ, "సరే, పెద్దదే తెస్త తియ్యి" అని లేవబోయింది.

"ఆగు." బాపు ముఖం ఇటు తిప్పాడు. "పెద్దది వద్దు. ఒక్క గంటల నింపితే బ్యాటరీ లోపట ఉడికిపోతది. బ్యాటరీ మీద అంకె రాసుంటది, గా అంకెల పదో వంతు కరెంటిచ్చేది సూడు. నిమ్మళంగ ఎక్కాలె. కరెంటు ఎంత పోతుందో సూపే ముల్లుండాలె. తీగల మీది రబ్బరు తొడుగు గట్టిగుండాలె."

ఉస్తాద్ చెప్పిందీ అదే. నేను నోరు తెరవబోయాను. అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు, బతిమాలుతున్నట్టుగా ఉంది. నేను నోరు మూసుకున్నాను.

మరునాడు అమ్మ ఆ చిన్న చార్జర్ తెచ్చింది. వాన వెలిసి ఎండ కాస్తోంది. మామ బ్యాటరీని విప్పబోతే అమ్మ ఆపి, ఇంట్లోకి వినపడేటట్టు, "ముందు ఏది విప్పాలె?" అని అడిగింది. లోపలి నుంచి కాసేపటికి జవాబు వచ్చింది. "నల్లది." బ్యాటరీని ఎక్కడ పెట్టాలని అడిగింది. "అర్రల వద్దు. వాకిట్ల, గాలి తగిలే కాడ." మూతలు తీయాలా? "తియ్యాలె. లోపట పలకలు మునిగేటట్టు నీళ్లున్నయా సూడు. లేకుంటే బ్యాటరీ నీళ్లే పొయ్యి, బోరింగు నీళ్లు పొయ్యకు." ప్రతి జవాబూ అంతకు ముందరి దానికంటే కొంచెం తొందరగా వస్తోంది. కొంచెం దగ్గరగా కూడా వినిపిస్తోంది. చూస్తే బాపు గోడ పట్టుకుని గడప దాకా వచ్చి నిలబడ్డాడు.

చూడటానికి వచ్చిన వాళ్లలో ఒకాయన నోట్లో బీడీ ఉంది. బాపుకు అది కనిపించలేదు, వాసన తగిలింది. "ఎవడాడ బీడీ తాగేది? బయటికి నడువు!" అని గద్దించాడు. అందరూ అదిరిపడ్డారు. ఆ గొంతు మేం విని ఎన్నో నాళ్లయింది. అమ్మ తల వంచుకుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇగ చెప్పు. ఎర్ర తీగ ముందా, నల్ల తీగ ముందా?" అని అడిగింది. అడుగుతున్నప్పుడే ఎర్ర తీగ ఆమె చేతిలో ఉంది.

"ఎర్రది. ప్లస్ గుర్తున్న కాడ. తరువాత నల్లది. రెండు గట్టిగ పట్టినంకనే స్విచ్." బాపు ఆగాడు. "ముఖం పక్కకు తిప్పుకో. పోరిని దూరం జరుపు."

అమ్మ తీగలు పెట్టింది. మామ స్విచ్ వేశాడు. చార్జర్ సన్నగా మోగింది. బాపు గడప మీద కూర్చుండిపోయాడు.  లోపలికి పోలేదు. ఆ పగలంతా అక్కడే కూర్చున్నాడు. మధ్యమధ్య అమ్మను పిలిచి ముల్లు ఎక్కడుందని, చెయ్యి పెడితే బ్యాటరీ వెచ్చగా ఉందా, కాలుతోందా అని అడిగాడు. పొద్దు వాలుతుండగా బ్యాటరీలో నీళ్లు బుడబుడమనడం మొదలైంది. ఆయన తల పక్కకు వంచి విన్నాడు.

"నిండింది" అన్నాడు.

అమ్మ లేచింది. "ఇప్పుడు ముందు ఏది తియ్యాలె?"

 ముందు స్విచ్ తీయడం, అదే కదా ఆయన ప్రమాదం నాటి పొద్దున చేయనిది.  బాపు లేచి, గోడ పట్టుకుని, తీగ వెంట తడుముకుంటూ స్విచ్ దాకా పోయాడు. ఎవరూ సాయం పోలేదు. అమ్మ పోనివ్వలేదు. ఆయన స్విచ్ తీసి, ప్లగ్గు ఊడబెరికి చేతిలో పట్టుకున్నాడు. మోత ఆగిపోయింది. అప్పుడు బ్యాటరీ దగ్గర కూర్చుని, ముఖం పక్కకు తిప్పి, ఒక్కొక్క తీగా తానే విప్పాడు. విప్పి, ఆ రెండు తీగలనూ ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. కన్ను పోయినప్పుడు కూడా ఆయన ఏడ్వడం నేను చూడలేదు.

జీపును ఆ తరువాత మామే నడిపాడు. బాపు మళ్లీ బండి నడపలేదు. కానీ జీపు పనులన్నీ ఆయన చేతి మీదుగానే జరిగాయి. నెమ్మదిగా చుట్టుపక్కల మోటారు సైకిళ్లు కూడా మా వాకిట్లోకి రావడం మొదలైంది. ఆయన ఇంజన్ చప్పుడు విని గొలుసు వదులైందో, ప్లగ్గు మసిపట్టిందో చెప్పేవాడు. బ్యాటరీకి చార్జర్ పెట్టిన ప్రతిసారీ అమ్మ ఏదో ఒకటి అడిగేది, ఆయన చెప్పేవాడు. చాలా ఏళ్లు అట్లాగే సాగింది. ఇప్పుడు మా ఇంట్లో కారుంది, రెండు బండ్లున్నాయి. వాటి బ్యాటరీలు, ఆయిలు, గాలి అన్నీ నేనే చూసుకుంటాను. ఇప్పటి చార్జర్లు నిండగానే వాటంతట అవే ఆగిపోతున్నాయి. అయినా స్విచ్ తీయకుండా నేను తీగ ముట్టుకోను.

కొన్నేళ్ల కింద బాపు పోయాడు. అప్పుడు అమ్మ కూడా అచ్చం ఆయనలాగే గోడవైపు తిరిగి కూర్చుంది. మేం చెప్పిన మాటలేవీ ఆమెకు ఎక్కలేదు. అది చింతకాయల కాలం. నేను కాయలు కడిగి ఆమె ముందర పోసి, "అమ్మా, తొక్కు నూరాలె. ఉప్పు ఎంత పడ్తది?" అని అడిగాను.

అమ్మ నావైపు చూసింది. "ఇన్నేండ్ల సంది నూరుతున్నవ్. నీకు తెల్వదా?"

"మర్చిపోయిన" అన్నాను.

ఆమె నా ముఖంలోకి తేరిపార చూసింది. తరువాత చిన్నగా నవ్వింది.

"మీ బాపుకు గూడ ఎర్కే ఉండె బిడ్డా, నాకు గా పని వచ్చని. ఒకపారి ప్లగ్గు తన చేతులనే పట్టుకొని, స్విచ్ ఏసినంక తీగ పెట్టుమని కావాలనే తప్పు చెప్పిండు. నా చెయ్యి కదల్లే. నవ్విండు. అయినా అడిగినప్పుడల్లా చెప్పుకుంటనే వచ్చిండు."

"నీకు వచ్చని తెలిసినా ఎందుకు చెప్పిండు?"

"చెప్పకుంటే నేను అడుగుడు బంద్ చేస్తననుకున్నడు గావచ్చు" అంది. అని, చింతకాయలు దగ్గరికి లాక్కుని, ఉప్పు తెమ్మంది.

ఆ రోజు మా వాకిట్లో అమ్మ ఒక్కతే బాపుకు సాయం చేస్తోందని చిన్నప్పుడు అనుకున్నాను. ఇద్దరూ ఒకరికొకరు చేసుకున్నారని ఈ వయసులో తెలిసింది. కుంగిపోయి కూర్చున్న మనిషి దగ్గరికి పోయినప్పుడు నేను ధైర్యం చెప్పను. ఆ మనిషి చేతికి ఏ పని వచ్చో చూసి, అది నాకు నేర్పమని అడుగుతాను. నాకు ముందే వచ్చని వాళ్లకు తెలిసిపోయినా సరే, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చుంటాను.