సూదమ్మ రాసిన తొంభై నాలుగు

రేవు పక్కనే తారు దిగుమతి చేసే కంపెనీ గిడ్డంగి. అందులో ఆమె పనల్లా ఒక్కటే: పరాయి దేశాల నుంచి ఓడల్లో వచ్చిన తారు డ్రమ్ములను పరీక్షించడం. చిన్న డబ్బాలో పోసిన తారును నీళ్ళ తొట్టిలో సరైన వేడికి తెచ్చి, దాని మీదికి సూది వదిలి, అయిదు సెకన్లలో ఎంత లోతు దిగిందో మిల్లీమీటరులో పదోవంతుల లెక్కన చూస్తుంది. ఎంత లోతుకు దిగితే తారు అంత మెత్తన. పందొమ్మిదేళ్ళుగా అదే పని. అందుకే అందరికీ ఆమె సూదమ్మ అయిపోయింది.

ఆ వేసవిలో వచ్చిన సరుకు కాగితాల మీద సూది లోతు అరవై, డెబ్బై మధ్య అని ఉంది. సూది తొంభై నాలుగు చూపించింది. ఇంకో రెండు డ్రమ్ములు తీయించింది. తొంభై రెండు, తొంభై అయిదు. మేనేజరుకు కబురు పంపితే సూది వంకరేమో చూడమన్నాడు. కొత్త సూది పెట్టింది. అదే లెక్క. నీళ్ళ వేడి తేడా ఏమోనన్నాడు. థర్మామీటరు మార్చింది. మళ్ళీ అదే. ఆఖరికి అతనే ఆమె ల్యాబ్‌కి వచ్చాడు.

"అయితే సరుకు పంపినవాళ్ళిచ్చిన సర్టిఫికెట్టు అబద్ధమంటావా?"

"దాని సంగతి నాకు తెలీదండీ. డ్రమ్ములో ఉన్నది మాత్రం మెత్తది. ఎండకి కారుతుంది."

కొనేవాళ్ళు తొందరపెడుతున్నారని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. మర్నాడు మేనేజరు పంపిన నమూనాకు బయటి ల్యాబ్ నుంచి అరవై ఆరు అని కాగితం వచ్చింది. నమూనా ఏ డ్రమ్ములోంచి తీశారో అందులో లేదు. ఆమె సంతకం పెట్టనంది. మేనేజరే పెట్టుకుని లారీలు పంపించేశాడు.

ఇంట్లో భోజనం దగ్గర మళ్ళీ అదే ఎత్తుకుంటే, చెప్పాల్సింది చెప్పావు, ఇక వదిలెయ్యమన్నాడు భర్త. ఆమెకు మింగుడుపడనిది అదే. చెప్పినా జరిగేదే జరిగితే, ఇక చెప్పడం దేనికి?

నెల తిరక్కుండానే కబురొచ్చింది. కొత్త రోడ్డు మీద తారు పైకి తేలి చెప్పులు అంటుకుపోతున్నాయట, చక్రాల కింద చాళ్ళు పడ్డాయట. మిగిలిన డ్రమ్ములు తిరుగు లారీల్లో వచ్చేశాయి. మేనేజరు ఆమెను పిలిచి, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి కుర్చీ చూపించాడు.

"ముందే కాస్త గట్టిగా చెప్పాల్సింది కదమ్మా."

ఒళ్ళంతా కారం పూసినట్టయింది ఆమెకు. కూర్చోకుండానే వెళ్ళి రిజిస్టరు తెచ్చి, అయిదు అంకెలున్న పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది.

"ఇంతకన్నా గట్టిగా ఎలా చెప్పాలో మీరే నేర్పండి."

అతను పేజీ చూశాడు. వెనక్కొచ్చిన డ్రమ్ములు మళ్ళీ పరీక్షించమన్నాడు. చేసింది. తొంభై మూడు. సంతకం పెట్టి, ఈసారి నకలొకటి నేరుగా కొన్నవాళ్ళకే పంపింది. ఎవరూ అడ్డు చెప్పలేదు, మెచ్చుకోనూ లేదు. మేనేజరు మాత్రం ల్యాబ్ వైపు రావడం మానేశాడు. ఏం కావాలన్నా ఫోనులోనే అడుగుతాడు.